గట్టు మీద మొక్కకి కేన్సర్ సెల్స్ మీద పని ఉందో లేదో చూడటం ఎలా

ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే ఎమ్మెస్సీ, ఎం.ఫార్మసీ పిల్లలు తెచ్చే ప్రశ్న ఒకటే, మా ఊళ్ళో ఫలానా ఆకు ఉందండి మా తాతగారు గడ్డలకి కట్టేవారు, దాన్ని కేన్సర్ మీద టెస్ట్ చేయాలంటే ఏం చేయాలి అని. చేయొచ్చండి, భేషుగ్గా చేయొచ్చు. కాకపోతే ఒకటి ముందే చెప్పేస్తాను, ల్యాబ్ ప్లేట్‌లో పెంచే సెల్స్‌ని చంపడం ఏమంత గొప్ప పని కాదు, ఉప్పెక్కువైనా చస్తాయి, మొక్క సారాన్ని కరిగించే డీఎంఎస్‌ఓ అనే ద్రవం ఎక్కువైనా చస్తాయి, ఇన్‌క్యుబేటర్ తలుపు సరిగ్గా పడకపోయినా చస్తాయి. అవి మీ మొక్క వల్లే చచ్చాయా ఇంకో దిక్కుమాలిన కారణం వల్ల చచ్చాయా అనేది తేల్చడమే అసలు పని, కింద రాసిన స్టెప్పులన్నీ దాని కోసమే.

ఉదాహరణకి గుంటగలగర తీసుకుందాం. మన గోదావరి డెల్టాలో పంట బోదెల పక్కన, చేల గట్ల మీద ఎక్కడ చూసినా ఉంటది, జుట్టు నూనెలో కాస్తారు, కామెర్లకి పసరు పోస్తారు, కాబట్టి అందరికీ తెలిసిన మొక్కే.

ముందు పెద్దవాళ్ళని అడగండి, సరిగ్గా అడగండి

మందు తెలిసిన మామ్మగారో తాతగారో ఉంటే కూర్చుని వివరంగా రాసుకోండి. ఏ భాగం వాడతారు, ఆకా వేరా మొత్తం మొక్కా, పచ్చిదా ఎండుదా, నీళ్ళల్లో కాస్తారా నూనెలోనా, ఎన్నాళ్ళు ఇస్తారు. "గడ్డ కరిగిపోయిందమ్మా" అన్నారంటే అది సెగగడ్డా, లింఫు వాపా, మామూలు కొవ్వు గడ్డా అని అడగాలి, బయాప్సీ చేయించిన కేసు కాకపోతే అక్కడ కేన్సర్ అని మీరు రాసుకోకూడదు. అలాగని పాత వాడకం పనికిరాదని కాదు, ఒక్కోసారి వాడకం ఒకటి, దొరికేది ఇంకొకటి. బిళ్ళగన్నేరు కథ అదే కదా, షుగర్‌కి పనిచేస్తుందేమో చూద్దామని 1950ల్లో కెనడాలో ఎలకల మీద మొదలెడితే షుగర్ తగ్గలేదు గానీ తెల్ల రక్తకణాలు పడిపోయాయి, అది ఎందుకా అని వదలకుండా పట్టుకుంటే విన్‌బ్లాస్టిన్ అనే కేన్సర్ మందు దొరికింది, తర్వాత అదే మొక్కలోంచి వచ్చిన విన్‌క్రిస్టిన్‌కి 1963లో అమెరికాలో పర్మిషన్ వచ్చింది, పిల్లల లుకేమియాకి ఇప్పటికీ వాడుతున్నారు. ఇప్పటికీ మన వైపు షుగర్‌కని పొద్దున్నే బిళ్ళగన్నేరు ఆకు నమిలేవాళ్ళు ఉన్నారు, అది మాత్రం మానిపించండి.

మొక్క అదేనా

గుంటగలగరకి తెల్ల పువ్వు ఉంటది, ఆకు నలిపితే కాసేపటికి చెయ్యి నల్లబడుద్ది. పసుపు గుంటగలగర అని ఇంకోటుంది, పువ్వు పచ్చగా ఉంటది, అది వేరే మొక్క. నేల ఉసిరిలో అయితే అచ్చు ఒకేలా ఉండే రకాలు నాలుగైదు కలిసే మొలుస్తాయి, పచారీ కొట్లో ఎండు నేల ఉసిరి కొన్నారంటే అందులో ఏమేం కలిసాయో దేవుడికెరుక. అందుకని కొట్లో పొడి కొనొద్దు. పువ్వూ కాయా ఉన్న కొమ్మని పేపర్ల మధ్య పెట్టి నొక్కి ఆరబెట్టి హెర్బేరియం షీట్ చేయండి, ఎక్కడ కోశారు ఏ తారీకు కోశారు రాసి మీ కాలేజీ బోటనీ వాళ్ళకి గానీ, ఆంధ్రా యూనివర్సిటీ బోటనీకి గానీ, హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే వాళ్ళ దక్కన్ సెంటర్‌కి గానీ ఇచ్చి గుర్తింపు చేయించుకోండి, ఆ షీట్‌కి వాళ్ళిచ్చే వోచర్ నంబర్ లేకపోతే మంచి జర్నల్ మీ పేపర్ తీసుకోదు.

కాకినాడ దగ్గర కోరింగ మడ చెట్ల మీద చేస్తామని కొందరు ఉత్సాహపడతారు, మంచిదే గానీ అది అభయారణ్యం, అటవీ శాఖ రాతపూర్వక పర్మిషన్ లేకుండా ఆకు కూడా కోయకూడదు. ఇంకోటి, ఆ మడ చెట్లలోనే ఉండే తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకి ప్రమాదం, గ్లవ్స్ అద్దాలు లేకుండా దాని జోలికెళ్ళొద్దు. ఏ మొక్కయినా సరే రేపు పేటెంట్, కంపెనీ అనే ఆలోచన ఉంటే జీవవైవిధ్య చట్టం 2002 ఉంది, పేటెంట్‌కైతే జాతీయ బయోడైవర్సిటీ అథారిటీ, కంపెనీకైతే రాష్ట్ర బయోడైవర్సిటీ బోర్డు ఏమంటాయో మీ గైడ్‌తో ముందే కూర్చుని చూసుకోండి.

ఎక్కడ కోయాలి, ఇదే అన్నిటికంటే ముఖ్యం

మన దగ్గర పరిశోధనంతా ఇక్కడే పాడవుతుందని నా అభిప్రాయం. గుంటగలగర పెరిగేదెక్కడ, వరి గట్టు మీద. వరికి కొట్టేదేంటి, కలుపు మందు, పురుగు మందు, తెగులు మందు, సార్వాలో కొంత దాళ్వాలో ఇంకొంత. ఆ మందు గట్టు మీద మొక్క మీదా పడుద్ది. దాన్ని కోసి ఎండబెట్టి మెథనాల్‌లో నానబెట్టారంటే మొక్కలో మందుతో పాటు చేలో కొట్టిన మందు కూడా శుభ్రంగా లాక్కొచ్చేస్తారు, ఇక సెల్స్ చావక ఏం చేస్తాయి, మీరేమో గుంటగలగర అద్భుతం అని థీసిస్ రాసేస్తారు. రొయ్యల చెరువు గట్ల మీది మొక్కా అంతే, చెరువులో ఏమేం పోశారో ఆ రైతుకే పూర్తిగా గుర్తుండదు.

కాబట్టి మందు కొట్టని చోటు వెతకండి, కోనసీమలో అయితే పాత కొబ్బరి తోటల మధ్య బోదెలు, లేదంటే బడి ఆవరణ, గుడి వెనక ఖాళీ స్థలం. ఇంకా మంచిది, గింజలు తెచ్చి మీ పెరట్లోనే కుండీల్లో పెంచేయండి, నీళ్ళు ఆగే మట్టయితే అదే దుబ్బులా పెరుగుద్ది. నర్సరీ నుంచి మొక్క తెస్తే కొన్ని నెలలు మీ దగ్గర పెరిగాక కొత్త చిగుళ్ళే వాడండి, కడియం వైపు నర్సరీల్లో కూడా మందులు కొట్టకుండా ఉండరు కదా. వీలైతే రెండు వేర్వేరు చోట్ల మొక్కలు విడివిడిగా కోసి విడివిడిగానే టెస్ట్ చేయండి, ఒకటి సెల్స్‌ని చంపి రెండోది చంపలేదంటే మొక్క కంటే నేలనే ఎక్కువ అనుమానించాలి. డబ్బులుంటే ఒక శాంపిల్‌కి పురుగుమందుల అవశేషాల టెస్టు, సీసం, ఆర్సెనిక్ లాంటి లోహాల టెస్టు చేయించి రిపోర్ట్ జత చేయండి, వైవాలో నోరెత్తే వాడుండడు.

ఎండబెట్టడం

కుళాయి నీళ్ళతో మట్టంతా పోయేదాకా కడిగి చివర డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి. నీడలో ఆరబెట్టమని పుస్తకాల్లో రాస్తారు, మన దగ్గర వానాకాలంలో నీడలో పెడితే ఆరదు, బూజు పడుద్ది. బూజు కంటికి కనపడకపోయినా దాని విషాలు సెల్స్‌ని చంపేస్తాయి, మళ్ళీ అదే కథ. అందుకే పల్చగా పరిచి ఫ్యాన్ కింద ఒక రోజు ఆరనిచ్చి తర్వాత హాట్ ఎయిర్ ఓవెన్‌లో 40 డిగ్రీల దగ్గర పెట్టండి, కాడ విరిస్తే టక్కున విరగాలి. ఈ మొక్కలో నీరెక్కువ, పచ్చిది కిలో కోస్తే ఎండాక అయిదో వంతు మిగిలితే గొప్ప, ఆ లెక్కన కోసుకోండి. పొడి చేసి గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి.

ఎక్స్‌ట్రాక్ట్ తీయడం

ఇంట్లో కషాయం తాగితే నీళ్ళ ఎక్స్‌ట్రాక్ట్ (మొక్కలోంచి నీళ్ళలోకి దిగిన సారం) ఒకటి తప్పకుండా చేయండి, ఎందుకంటే జనం వాడేది అది. దాంతో పాటు హెక్సేన్, ఇథైల్ అసిటేట్, మెథనాల్ అనే సాల్వెంట్లతో వరుసగా. 50 గ్రాముల పొడికి 500 ఎంఎల్ సాల్వెంట్ పోసి మూత బిగించి షేకర్ మీద రెండు మూడు రోజులు, మధ్యలో ఫిల్టర్ చేసి తాజా సాల్వెంట్ మళ్ళీ పోయండి. సాక్స్‌లెట్ (వేడి సాల్వెంట్‌ని పొడి మీదుగా తిప్పి తిప్పి పోసే గాజు పరికరం) అయితే తొందరగా అవుద్ది గానీ గంటల తరబడి వేడికి పాడయ్యే పదార్థాలు ఉంటాయి. సాల్వెంట్‌ని రోటరీ ఇవాపరేటర్ మీద 40 డిగ్రీలు దాటకుండా లాగేసి, ఆ జిగురుని వాక్యూమ్‌లో బరువు మారనంత వరకూ ఆరబెట్టండి, మిగిలిన మెథనాల్ కూడా విషమే. నీళ్ళదైతే ఫ్రీజ్ డ్రై, అంటే గడ్డకట్టించి వాక్యూమ్‌లో ఆరబెట్టడం. బరువు తూచి దిగుబడి శాతం రాసుకుని చిన్న చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 20లో పెట్టండి, ఒకటే సీసాని పదిసార్లు బయటికి తీసి కరిగించొద్దు.

ఇంకో మాట, సాల్వెంట్‌కి కూడా కంట్రోల్ కావాలి, మొక్క పొడి వేయకుండా ఖాళీ సాల్వెంట్‌ని ఇదే పద్ధతిలో మొదటి నుంచి చివరి దాకా నడిపి, గిన్నెలో మిగిలింది ఏదైనా ఉంటే దాన్నీ సెల్స్ మీద వేసి చూడాలి. చాలామంది ఎగ్గొట్టే స్టెప్ ఇది. మీ ఎక్స్‌ట్రాక్ట్‌లో గుంటగలగర ఆనవాలు ఉందని చూపించడానికి హెచ్‌పీఎల్‌సీలో (పదార్థాల్ని విడదీసి చూపించే యంత్రం) ఈ మొక్కలో ఉండే వెడెలోలాక్టోన్ అనే పదార్థం పీక్ చూపిస్తే సరిపోద్ది, కాకపోతే పసుపు గుంటగలగరలోనూ అదుంటది, కాబట్టి పీక్ చూపించి హెర్బేరియం షీట్ ఎగ్గొడదామంటే కుదరదు.

సెల్స్ జోలికెళ్ళే ముందు చవకలో ఒక టెస్ట్

సెల్ కల్చర్ లేని కాలేజీకి మన జిల్లాలంత అదృష్టం ఇంకెక్కడా లేదు, ఎందుకంటే రొయ్యల హేచరీల్లో పిల్లలకి మేతగా వాడే ఆర్టీమియా గుడ్ల డబ్బా కాకినాడ తీరంలోనో భీమవరంలోనో ఎవర్నడిగినా దొరుకుద్ది. ఆర్టీమియానే బ్రైన్ ష్రింప్ అంటారు, బ్రైన్ ష్రింప్ టెస్టు దాంతోనే, 1982లో పద్ధతిగా ప్రచురించారు, మొక్కల వాళ్ళు అప్పట్నుంచీ వాడుతున్నారు. ఉప్పు నీళ్ళలో గుడ్లు వేసి గాలి కొడుతూ లైటు కింద 28 డిగ్రీల దగ్గర ఉంచితే ఒకటి రెండు రోజుల్లో నాప్లియైలు, అంటే అప్పుడే పొదిగిన పిల్లలు వస్తాయి. వెలుతురు వైపు చేరతాయి, అక్కడ్నుంచి పిప్పెట్‌తో తీసి 5 ఎంఎల్ నీళ్ళున్న సీసాకి 10 చొప్పున వేసి ఎక్స్‌ట్రాక్ట్ 10, 100, 1000 మైక్రోగ్రాములు ఎంఎల్‌కి పడేలా కలిపి 24 గంటల తర్వాత ఎన్ని కదులుతున్నాయో లెక్కపెట్టడమే. సగం చచ్చే డోసు 1000 లోపు వస్తే ఏదో ఉందని అర్థం. ఏదో ఉంది అంతే, కేన్సర్ మందని కాదు, అది పురుగు మందు కూడా కావచ్చు, అన్నట్టు ఆర్టీమియాకి పురుగు మందంటే ప్రాణం మీదకే, కాబట్టి గట్టు మీద మొక్కా పెరట్లో మొక్కా పక్కపక్కన పెట్టి చూస్తే పై గొడవ ఇక్కడే చాలావరకు తేలిపోద్ది.

ఇప్పుడు సెల్స్

సెల్ లైన్లు (ల్యాబ్‌లో తరతరాలుగా పెంచుతున్న సెల్స్) పుణేలో ఎన్‌సీసీఎస్ అనే జాతీయ సెల్ బ్యాంకు నుంచి తెప్పించుకోండి, పక్క ల్యాబ్‌లో ఫ్రెండ్ ఇచ్చిన ఫ్లాస్క్ వద్దు, దాని పేరు మీద ఉన్నది అదో కాదో తెలీదు, మైకోప్లాస్మా అనే కంటికి కనపడని బ్యాక్టీరియా పట్టి ఉందో లేదో తెలీదు. హీలా (గర్భాశయ ముఖద్వారం), ఎంసీఎఫ్-7 (రొమ్ము), హెప్‌జీ2 (లివర్), ఎ549 (ఊపిరితిత్తి) లాంటి కేన్సర్ లైన్లు రెండు మూడు చాలు, వాటితో పాటు కేన్సర్ కాని మామూలు సెల్ లైన్ ఒకటి తప్పనిసరి. సొంత సౌకర్యం లేకపోతే నవీ ముంబయిలో టాటా వాళ్ళ యాక్ట్రెక్‌లో కేన్సర్ మందుల స్క్రీనింగ్ ఫెసిలిటీ ఉంది, అక్కడికి శాంపిల్ పంపొచ్చేమో గైడ్‌ని కనుక్కోమనండి, సగం సగం సౌకర్యాలతో సొంతంగా చేసే కంటే అది నయం.

96 వెల్స్ (చిన్న గుంటలు) ఉన్న ప్లేట్‌లో వెల్‌కి 5 వేల నుంచి 10 వేల సెల్స్, 100 మైక్రోలీటర్ల మీడియాలో (సెల్స్‌కి మేతగా పోసే ద్రవం) వేసి ఒక రోజు అతుక్కోనివ్వండి. అంచు వెల్స్‌లో సెల్స్ వేయొద్దు, అక్కడ నీరు ఆవిరై లెక్క చెడుద్ది, ఊరికే పీబీఎస్ (సెల్స్‌కి హాని చేయని ఉప్పు ద్రావణం) పోసి ఉంచండి.

డోసుల లెక్క ఇలా. 40 మిల్లీగ్రాముల ఎక్స్‌ట్రాక్ట్‌ని 1 ఎంఎల్ డీఎంఎస్‌ఓలో కరిగించి 0.22 మైక్రాన్ ఫిల్టర్ పట్టండి, మామూలు సెల్యులోజ్ ఫిల్టర్లు డీఎంఎస్‌ఓకి తట్టుకోవు, పీటీఎఫ్‌ఈ అని అడిగి కొనండి. దాంట్లోంచి 5 మైక్రోలీటర్లు 1 ఎంఎల్ మీడియాలో వేస్తే 200 మైక్రోగ్రాములు, డీఎంఎస్‌ఓ 0.5 శాతం. అక్కడ్నుంచి సగం సగం చేసుకుంటూ 100, 50, 25, 12.5, 6.25. సగం చేసేటప్పుడు ఉత్త మీడియా కాదు, 0.5 శాతం డీఎంఎస్‌ఓ ఉన్న మీడియాతోనే, అప్పుడే అన్ని వెల్స్‌లో డీఎంఎస్‌ఓ ఒకేలా ఉంటది. పాత మీడియా తీసేసి ఇది పోయండి, తీయకుండా పైన 100 పోస్తే మీ డోసు సగమైపోద్ది, 50 అనుకున్నది 25 అన్నమాట, ఈ పొరపాటుతో అచ్చయిన పేపర్లు ఉంటాయంటే నేనేం ఆశ్చర్యపోను. ప్రతి డోసుకీ మూడు వెల్స్. ఇవి కాక ఉత్త మీడియా, డీఎంఎస్‌ఓ ఒక్కటే, తెలిసిన కేన్సర్ మందు ఒకటి. తెలిసిన మందుగా డాక్సోరుబిసిన్ పెట్టుకోండి, సిస్‌ప్లాటిన్ పెడితే మాత్రం దాన్ని డీఎంఎస్‌ఓలో కలపొద్దు, పని చేయకుండా పోద్ది, సెలైన్‌లో కలపాలి. 48 గంటలు గానీ 72 గంటలు గానీ ఉంచండి, ఏది ఎంచుకుంటే చివరి దాకా అదే.

తర్వాత ఎంటీటీ. ఎంటీటీ అంటే ఒక పసుపు రంగు పదార్థం, బతికున్న సెల్ దాన్ని ఊదా రంగు స్ఫటికాలుగా మారుస్తుంది, మొత్తం టెస్ట్ అదే. మొక్కల దగ్గర ఇది మోసం చేస్తది, ఎలాగంటే మన ఆకుల్లో పాలీఫినాల్స్ దండిగా ఉంటాయి, అవి సెల్స్ లేకుండానే ఎంటీటీని ఊదా చేసేస్తాయి, అంటే చచ్చినవి కూడా బతికున్నట్టు చూపిస్తాయి. కాబట్టి ముందు మీడియా మొత్తం తీసేసి పీబీఎస్‌తో మెల్లగా కడిగి అప్పుడు కొత్త మీడియాలో ఎంటీటీ వేయండి, 5 మిల్లీగ్రాములు ఎంఎల్‌కి ఉన్న స్టాక్ నుంచి వెల్‌కి 10 మైక్రోలీటర్లు. నాలుగు గంటలయ్యాక తీసేసి 100 మైక్రోలీటర్ల డీఎంఎస్‌ఓలో స్ఫటికాలు కరిగించి 570 నానోమీటర్ల దగ్గర చదవండి. సెల్స్ లేని వెల్స్‌లో ఎక్స్‌ట్రాక్ట్, ఎంటీటీ రెండూ వేసి ఒక వరస ఎప్పుడూ ఉండాలి, ఆ రీడింగే బ్లాంక్, అది తీసేసే లెక్కపెట్టాలి. శాంపిల్ రీడింగ్‌లోంచి బ్లాంక్ తీసి, దాన్ని డీఎంఎస్‌ఓ కంట్రోల్‌లోంచి బ్లాంక్ తీసిన దాంతో భాగించి వందతో గుణిస్తే బతికిన శాతం. ఇంకో పద్ధతిలో కూడా అదే ఫలితం రావాలి, ఎస్ఆర్‌బీ (సెల్స్‌లోని ప్రోటీన్‌కి రంగు పట్టించే టెస్టు) గానీ, చచ్చిన సెల్స్‌కే పట్టే ట్రైపాన్ బ్లూ రంగు వేసి మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టడం గానీ. ప్లేట్ చదివే ముందు ఒకసారి మైక్రోస్కోప్ కింద చూడటం మర్చిపోకండి, సెల్స్ గుండ్రంగా ముడుచుకుని లేచిపోయాయా, ఒక్కసారే పగిలి చిందరవందర అయ్యాయా, పగిలితే సపోనిన్లని అనుమానించాలి, అవి కుంకుడుకాయ నురగలాగ పొరని కరిగించేస్తాయి, ఏ సెల్ అయినా ఒకటే వాటికి.

ఇదంతా మూడుసార్లు, వేరే వేరే రోజుల్లో, వేరే పాసేజ్ (అంటే వేరే విడత పెంచిన) సెల్స్ మీద. ఒకే ప్లేట్‌లో మూడు వెల్స్ పెట్టి మూడుసార్లు చేశామని రాయడం మోసం కిందకే వస్తది.

వచ్చిన నంబర్‌ని ఎలా చదవాలి

సగం సెల్స్ చచ్చే డోసు, ఐసీ50, ప్రిజమ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫ్ గీసి తీయండి, ఎక్సెల్‌లో సరళ రేఖ గీసి తీయొద్దు. ముడి ఎక్స్‌ట్రాక్ట్‌కి ఎంఎల్‌కి 20 మైక్రోగ్రాముల లోపు వస్తే ముందుకెళ్ళదగ్గదని ఈ రంగంలో చాలాకాలంగా వాడుతున్న గీత, శుద్ధి చేసిన పదార్థానికైతే 4. మీకు 180 వచ్చిందనుకోండి, నిజాయితీగా పని లేదనే రాయండి, "మధ్యస్థమైన చర్య" అని సాగదీయొద్దు. 100 మైక్రోగ్రాములు ఎంఎల్‌కి అంటే మనిషి రక్తం 5 లీటర్లలో అర గ్రాము ఎక్స్‌ట్రాక్ట్ మొత్తం కలిసి తిరుగుతూ ఉండాలి, మనం తాగిన దాంట్లో పేగు దాటి రక్తంలోకి వెళ్ళేది చాలాసార్లు కొద్దిగానే, వెళ్ళింది కూడా లివర్ వదలదు. పసుపులోని కుర్‌క్యుమిన్ ప్లేట్‌లో దాదాపు ప్రతి టెస్టులోనూ పాసైంది, మనుషుల్లో తేలిన మందు మాత్రం కాలేదు, 2017లో మెడిసినల్ కెమిస్టులు దాని మీద పెద్ద సమీక్ష రాసి మరీ హెచ్చరించారు.

ఇక మామూలు సెల్స్ సంగతి. మామూలు సెల్స్ ఐసీ50ని కేన్సర్ సెల్స్ ఐసీ50తో భాగించండి. హీలాకి 15, మామూలు వాటికి 17 వచ్చిందనుకోండి, మీ దగ్గరున్నది విషం, అంతే. 3 కంటే ఎక్కువ వస్తే జనం ఆసక్తిగా చూస్తారు. అసలు కీమో మందులు మాత్రం మామూలు కణాల్ని చంపవా అని ఎవరో ఒకరు అడుగుతారు, నిజమే, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీలో చేసిన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి ఇచ్చి 1948లో ఫలితం ప్రకటించాడు, అదీ దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ కూడా విభజన జరుగుతున్న ప్రతి కణానికీ తగులుతాయి, నోట్లో పుళ్ళు అందుకే వస్తాయి. కానీ అవి ఏ ఎంజైమ్‌ని ఆపుతాయో తెలుసు, డోసు తెలుసు, విరుగుడుగా ల్యూకోవోరిన్ ఉంది. మీ ఆకుపచ్చ జిగురులో ఎన్ని పదార్థాలున్నాయో కూడా ఇంకా తెలీదు.

ఫలితం బాగా వచ్చిందని ఊళ్ళో తెలిస్తే ఎవరో ఒకరు ఇంట్లో పేషెంట్ ఉన్నారండి కొంచెం ఇస్తారా అని వస్తారు, వస్తారు అంతే. ఇవ్వొద్దు. నెమ్మదిగా చెప్పండి, ఇది మందు కాదు బాబాయ్ ఇంకా ప్లేట్ దగ్గరే ఉంది, డాక్టర్‌గారి కీమో ఆపొద్దు, కీమోతో పాటు ఏ పసరు తాగుతున్నా ఆయనకి చెప్పండి ఎందుకంటే లివర్ మీద భారం పడితే కీమోయే ఆపాల్సొస్తుంది అని.

తర్వాత

20 లోపు వచ్చి, మూడుసార్లూ వచ్చి, పెరటి మొక్కలోనూ వచ్చి, మామూలు సెల్స్‌ని పెద్దగా ముట్టుకోకపోతే అప్పుడు పండగే. అనెక్సిన్-వీ (చస్తున్న సెల్స్‌ని గుర్తుపట్టించే ప్రోటీన్) వేసి ఫ్లో సైటోమెట్రీలో (సెల్స్‌ని ఒక్కొక్కటిగా చూసే యంత్రం) సెల్స్ ఎలా చస్తున్నాయో చూడండి, పక్కనే ఎక్స్‌ట్రాక్ట్‌ని కాలమ్ (పదార్థాల్ని విడదీసే పొడి నింపిన గాజు గొట్టం) మీద ఫ్రాక్షన్లుగా, అంటే భాగాలుగా విడగొట్టి ప్రతి ఫ్రాక్షన్‌నీ మళ్ళీ సెల్స్ మీద వేసి చంపుతున్న దాన్నే పట్టుకుని ఇంకా విడగొట్టుకుంటూ పోవాలి. ఎలకల దాకా వెళ్ళాలంటే మీ కాలేజీ జంతు నైతిక కమిటీ పర్మిషన్ ముందు, ఎలకలు తర్వాత. ఈ ఫ్రాక్షన్ల పనికి 50 గ్రాములు ఏ మూలకీ చాలవు, కిలోల లెక్కన పొడి కావాలి, బిళ్ళగన్నేరులో అయితే గ్రాము విన్‌క్రిస్టిన్‌కి వందల కిలోల ఎండు ఆకు పడుద్ది. అందుకని మొదటి కోతలోనే చోటు, నెల, పూత దశ రాసి పెట్టుకోండి, రెండో కోత అదే చోట అదే దశలో కోయాలి, కొత్త పొడి వచ్చాక ముందు దాని ఐసీ50 పాతదాంతో సరిపోయిందో లేదో చూసుకుని ఆ తర్వాతే కాలమ్ ఎక్కించండి.